అంతర్వేది నీళ్లు ట్యాంకులో పోయొచ్చా?

ప్రశ్నలు - జవాబులు: ఇంట్లో సాఫ్ట్ కోరల్స్

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం రొయ్యల చెరువులున్న ఇళ్ల నుంచే వచ్చాయి. అది సహజమే. ఆల్కలినిటీ ఎంతుందన్న మాట టీకొట్టు బల్ల మీద కూడా వినపడే ఊళ్లు మనవి. చెరువు దగ్గర నేర్చుకున్నది ట్యాంకు దగ్గర చాలావరకు అక్కరకొస్తుంది. రెండు మూడు చోట్ల మాత్రం అదే కొంప ముంచుతుంది. ఆ చోట్ల గురించే కాస్త ఎక్కువ రాస్తున్నాను.

ప్రశ్న: మాది సఖినేటిపల్లి. అంతర్వేది ఇంటికి దగ్గరే. సముద్రాన్ని పక్కన పెట్టుకుని ఉప్పు ప్యాకెట్లు కొనడమేంటని నాన్నగారు కోప్పడుతున్నారు. డబ్బాలతో నీళ్లు తెచ్చి పోసుకోవచ్చా?

జవాబు: నాన్నగారి మాటలో న్యాయం ఉంది. ఆ చోటే పనికిరాదు. వశిష్ఠ కలిసే చోట ఉన్న నీటిని సముద్రమనీ అనలేం, గోదారనీ అనలేం. పోటు మీద ఒక రుచి, పాటు మీద ఒక రుచి. సాఫ్ట్ కోరల్ పుట్టి పెరిగిన నీటిలో లీటరుకి సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. ఏడాది పొడుగునా అటూఇటూగా అంతే ఉంటాయి. వరదల్లో ధవళేశ్వరం గేట్లెత్తాక ఎర్రనీళ్లు సముద్రంలోకి ఎంత దూరం పోతాయో మీరు కళ్లారా చూసే ఉంటారు. వరద తీశాక కూడా తెరిపి ఉండదు. అక్టోబరు, నవంబరు నెలల్లో గంగా బ్రహ్మపుత్రల నీళ్లు కలిసి పలచబడ్డ సముద్రపు నీరు తీరం వెంట ఉత్తరం నుంచి దక్షిణానికి దిగుతుంది.

మన దేశంలో పగడపు దిబ్బలు మన్నార్ సింధుశాఖలో, కచ్‌లో, లక్షద్వీప్‌లో, అండమాన్ నికోబార్‌లో ఉన్నాయి. గోదావరి నోటి దగ్గర లేవు. మన వరిచేలకి బలమిచ్చే ఒండ్రే పగడం మీద పడితే ఊపిరాడనివ్వదు. వెలుతురునీ అడ్డుకుంటుంది. పగడం ఒంట్లో ఉండే సూక్ష్మమైన నాచు ఆ వెలుతురుతోనే తిండి వండి దానికి పెడుతుంది. అంతర్వేది నీళ్లు పోయడమంటే పగడాలు బతకలేని చోటు నుంచి నీళ్లు తెచ్చి వాటికి పోయడమే.

రొయ్య పిల్లల హేచరీలో తెలిసినవాళ్లుంటే వడకట్టిన సముద్రపు నీరు అడిగి చూడండి. క్లోరిన్ వేశారా, అది పూర్తిగా పోయిందా అన్నది కనుక్కోకుండా మాత్రం తేవద్దు. రిఫ్రాక్టోమీటర్ 34 నుంచి 36 మధ్య చూపించాలి. చెరువు గట్టు మీద ఏళ్ల తరబడి ఎండలో పడున్న మీటరైతే ముందు 35 ప్రమాణద్రవంతో సరిచేసుకోండి. ఇదంతా తలనొప్పి అనిపిస్తే 100 లీటర్లకి మూడున్నర నుంచి నాలుగు కిలోల అక్వేరియం ఉప్పు. నేను అదే వాడతాను.

ప్రశ్న: కల్లుప్పు కూడా సముద్రంలోంచి వచ్చిందే కదా? ధరలో ఎంతో తేడా ఉంది. – పాలకొల్లు

జవాబు: సముద్రంలోంచి వచ్చిందే, కానీ సముద్రమంతా అందులోకి రాలేదు. నౌపడలోనో చినగంజాంలోనో ఉప్పు మడి చూసినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. నీరు ఎండేకొద్దీ కాల్షియం ముందే సున్నంగా, జిప్సంగా పేరుకుంటుంది. తరవాత ఉప్పు గడ్డకడుతుంది. మెగ్నీషియం చివర మిగిలే చేదునీళ్లలో ఉండిపోతుంది, ఆ నీళ్లని పారబోస్తారు. మీ చేతికొచ్చేది దాదాపు ఉత్త సోడియం క్లోరైడ్. అందులో పగడం బతకదు.

ప్రశ్న: మాస్టారూ, మాది భీమవరం దగ్గర పల్లె. వనామి చెరువులున్నాయి. ట్యాంకు నీళ్లు కూడా మా ల్యాబులోనే ఇచ్చాను. ఆల్కలినిటీ 160, కాల్షియం హార్డ్‌నెస్ 1,050, మెగ్నీషియం హార్డ్‌నెస్ 5,200 అని రాసిచ్చారు. కాల్షియం అంతా? పుట్టగొడుగులాంటి లెదర్ కోరల్ వారం నుంచి ముడుచుకునే ఉంది. డోలమైట్, జియోలైట్ ఇంట్లోనే ఉన్నాయి, కొద్దిగా వెయ్యనా?

జవాబు: ఏదీ వెయ్యకండి. ముందు ఆ కాగితాన్ని సరిగ్గా చదువుదాం.

ల్యాబువాళ్లు హార్డ్‌నెస్‌ని కాల్షియం కార్బొనేట్ లెక్కలో రాస్తారు. అక్వేరియం పుస్తకాల్లో ఉండేది ఉత్త కాల్షియం. 1,050ని 2.5తో భాగించండి, 420 వస్తుంది. సముద్రంలో లీటరుకి 410, 420 మిల్లీగ్రాములే ఉంటుంది. 5,200ని 4.1తో భాగిస్తే దాదాపు 1,270. సముద్రంలో 1,290 దగ్గర. ఆల్కలినిటీ 160ని 17.9తో భాగిస్తే 9 డిగ్రీలు. సముద్రంలో 7 డిగ్రీలు, ట్యాంకులో 7 నుంచి 9 దాకా హాయిగా ఉంటుంది. మీ నీళ్లకి ఏ వంకా లేదు.

ఇక మీ లెదర్ కోరల్ (సార్కోఫైటాన్) సంగతి. పైన మైనం పూసినట్టు మెరుస్తోందా? అయితే పాము కుబుసం విడిచినట్టు అది పొర విడుస్తోంది. ఒంటి మీద చేరిన నాచుని, మురికిని అలా వదిలించుకుంటుంది. కొన్ని రోజులు పడుతుంది, ఒక్కోసారి రెండు వారాలూ పట్టొచ్చు. పంపు ప్రవాహం కొంచెం దానివైపు తిప్పండి, పొర ఊడి కొట్టుకుపోతుంది. కాండం మెత్తబడి, నల్లబడి, కంపు కొడితేనే జబ్బు.

మీ ఇంట్లో ఉన్న సరుకు గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి ఉత్తరం ఇది మొదటిది కాదు. డోలమైట్ చెరువులో పనిచేస్తుంది, అడుగు మట్టిలో ఆమ్లం ఉంటుంది కాబట్టి. పీహెచ్ 8.2 ఉన్న సముద్రపు నీటిలో కాల్షియం కార్బొనేట్ అప్పటికే పట్టినంతకు మించి ఉంది. అందులో డోలమైట్ కరగదు, పాలలా తేలి అడుగున కూర్చుంటుంది. జియోలైట్ మంచినీళ్లలో అమ్మోనియాని పట్టుకుంటుంది. ఉప్పునీళ్లలో దాని ఖాళీలన్నీ సోడియమే ఆక్రమించుకుంటుంది కాబట్టి అమ్మోనియాకి చోటు దొరకదు. నాచుకని చెరువులో వేసే మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) అన్నిటికంటే ప్రమాదం. రాగి చిటికెడు చేరినా పగడాలు, నత్తలు పోతాయి. చెరువు పని చేసొచ్చి చేతులు కడుక్కోకుండా ట్యాంకులో చెయ్యి పెట్టకండి.

సాఫ్ట్ కోరల్ రాతి పగడంలా ఇల్లు కట్టదు. కండలో సూదిమొనల్లాంటి సున్నపు ముక్కలు మాత్రమే కట్టుకుంటుంది, అందుకే కాల్షియం ఖర్చు తక్కువ. వారానికో పదోవంతు నీళ్లు మార్చితే ఖర్చయింది తిరిగొస్తుంది. ఎప్పుడైనా ఆల్కలినిటీ 7 కంటే పడిపోతే వంటసోడా చాలు: 100 లీటర్లకి 3 గ్రాములు మంచినీళ్లలో కరిగించి పోస్తే ఒక డిగ్రీ పెరుగుతుంది. రోజుకి ఒక డిగ్రీకి మించి పెంచకండి. కేకుల్లో వేసే బేకింగ్ పౌడర్ వేరు, దానిలో ఆమ్లపు లవణాలు కలిసి ఉంటాయి.

నైట్రేట్ 5 నుంచి 20 మధ్య, ఫాస్ఫేట్ 0.1 లోపు ఉంటే వాటిని సున్నా చెయ్యాలని పోరాడొద్దు. మరీ కడిగిన ముత్యంలాంటి నీటిలో ఈ జాతులు చిక్కిపోతాయి. వారానికోసారి చెరువుకి ఏదో ఒకటి కొట్టే అలవాటు మీది, నాకు తెలుసు. లక్షల పెట్టుబడి నీళ్లలో ఉన్నప్పుడు చేతులు ఊరుకోవు. ఈ ట్యాంకు దగ్గర మాత్రం ఊరుకోనివ్వండి.

ప్రశ్న: అక్వేరియం ఉప్పే వాడుతున్నాను. నీళ్లు వంటింటి ఆర్ఓ మిషన్‌వి. రెండు నెలల్లో నత్తలు, ఎర్ర రొయ్యలు పోయాయి. జీనియా పగడం కరిగిపోయింది. చేపలు మాత్రం బాగున్నాయి. ఎందుకిలా అవుతోందండీ? – అమలాపురం

జవాబు: చేపలు బాగుండి నత్తలు, రొయ్యలు, పగడాలు పోయాయంటే నేను ముందు రాగినే అనుమానిస్తాను. మీ మిషన్ మీద 'కాపర్' అని రాసి ఉందేమో చూడండి. ఇప్పుడు చాలా మిషన్లలో మంచినీళ్లకి రాగి కలిపే కార్ట్రిడ్జ్ పెడుతున్నారు. రాగి బిందెలో నీళ్లు మనకి మంచివని నమ్ముతాం. వెన్నెముక లేని సముద్రజీవులకి అది విషమండీ.

ఇంకో సంగతి. వంటింటి మిషన్‌లో రుచి కోసం మామూలు నీరు కొంత కలిపే మర ఉంటుంది. టీడీఎస్ 60, 80 చూపిస్తుంది. మీకు కావాల్సింది సున్నాకి దగ్గరి నీరు, అయిదు దాటకూడదు. మెంబ్రేన్ నుంచి వచ్చే గొట్టాన్ని ఆ రెండిటికంటే ముందే మెకానిక్‌తో చీల్పించి, చివర మిగిలిన లవణాల్ని పీల్చే డీఐ రెసిన్ డబ్బా పెట్టించండి. వేసవిలో కాలవలు కట్టేసి బోరు నీళ్లొచ్చే రోజుల్లో రెసిన్ తొందరగా అయిపోతుంది, మీటరు పెట్టి చూస్తూ ఉండండి. ఇప్పుడున్న నీళ్లు సగం చొప్పున మూడు నాలుగు సార్లు మార్చి, ఫిల్టర్‌లో మంచి కార్బన్, రాగిని పీల్చే మీడియా వెయ్యండి. నెల తరవాత ఒక్క నత్తని వదిలి చూడండి. అది తిరుగుతుంటే పగడం తెచ్చుకోవచ్చు. కొత్త జీనియా కోసం తొందరపడకండి.

ప్రశ్న: పొద్దున పీహెచ్ 7.8, సాయంత్రం 8.2. బఫర్ పొడి పోయాలా? – కాకినాడ

జవాబు: వద్దు. రాత్రి తలుపులేసి ఏసీలో పడుకున్న గదిలో మీ ఊపిరి నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ నీటిలోనూ చేరుతుంది. ఆల్కలినిటీ సరిగ్గా ఉంటే పొద్దున్నే కిటికీ తియ్యండి.

ప్రశ్న: రాజమండ్రి ఎండలు మీకు చెప్పక్కర్లేదు. మే నెలలో ట్యాంకు 32 డిగ్రీలకి పోతోంది. చిల్లర్ కొనే స్తోమత లేదు.

జవాబు: 30 దాటి రోజులు గడిస్తే పగడం తన ఒంట్లోని నాచుని బయటికి కక్కేస్తుంది, తెల్లబడుతుంది. 25 నుంచి 28 మధ్య ఉంచగలిగితే చాలు. మూత తీసి, నీటి మీదికి వాలుగా చిన్న ఫ్యాన్ పెట్టండి. ఆవిరయ్యే నీరు వేడిని పట్టుకుపోతుంది, రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. పొడి వడగాడ్పులు వీచే రాజమండ్రిలో ఇది బాగా పనిచేస్తుంది, చెమట ఆరని కోనసీమ ఉక్కలో అంతగా చెయ్యదు. లైట్లు మధ్యాహ్నం కాకుండా సాయంత్రం నుంచి రాత్రికి మార్చండి.

ఫ్యాన్ పెట్టినవాళ్లు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. 100 లీటర్లలో రోజుకి మూడు లీటర్లు పోయి, మూడు రోజులు నింపకపోతే 35 ఉన్న ఉప్పదనం 38 దాటుతుంది. ఉప్పునీళ్లు పోసి నింపితే ఇంకా పెరుగుతుంది. గాజు మీద గీత గీసి పెట్టుకుని, ఉదయం సాయంత్రం ఆర్ఓ మంచినీళ్లు మాత్రమే గీత దాకా పొయ్యండి. కరెంటు పోయినప్పటికి బ్యాటరీ మీద నడిచే ఎయిర్ పంపు ఇంట్లో ఉండాలి. వేడి నీటిలో ఆక్సిజన్ అసలే తక్కువ. మీ చుట్టాల్లో చెరువులున్న ఎవర్నడిగినా చెబుతారు, ఏరియేటర్లు ఆగిన రాత్రి ఎలా గడుస్తుందో.

ప్రశ్న: సాఫ్ట్ కోరల్స్ అలవాటయ్యాయి. రాతి పగడాలు తెచ్చుకుందామని ఉంది. – తాడేపల్లిగూడెం

జవాబు: వద్దు. దిబ్బలు కట్టే రాతి పగడాలన్నీ, నల్ల పగడం, సీ ఫ్యాన్, ఆర్గన్ పైప్ కోరల్, ఫైర్ కోరల్ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లోకి చేరాయి. పులికున్నంత రక్షణ వాటికీ ఉంది. సీ ఫ్యాన్, ఆర్గన్ పైప్ పగడాలు సాఫ్ట్ కోరల్స్‌కి దగ్గర చుట్టాలే, కాబట్టి అమ్మేవాడు 'సాఫ్టే' అన్నా జాతి పేరు అడగండి. పగడపు ముక్కలతో కూడిన 'లైవ్ రాక్' కూడా ఆ లెక్కలోదే. ఇంకొకరి ట్యాంకులో పెరిగిన సాఫ్ట్ కోరల్ ముక్క దొరికితే అదే తెచ్చుకోండి.

ప్రశ్న: కెన్యా ట్రీ పగడం విపరీతంగా పెరిగింది. నరసాపురంలో స్నేహితుడు ఓ కొమ్మ అడుగుతున్నాడు. కోస్తే చచ్చిపోదా?

జవాబు: చావదు, మల్లె అంటు కట్టినంత సులువు. పదునైన కొత్త బ్లేడుతో కొమ్మని ఒక్క వేటుకి కొయ్యండి. గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. పక్కన జోవాంథిడ్లు (పగడాలకి చుట్టాలైన జీవులు) ఉంటే మరీ జాగ్రత్త, వాటిలో పాలీటాక్సిన్ అనే ప్రాణాంతకమైన విషం ఉంటుంది. జోవాంథిడ్లు పట్టిన రాయిని ఎప్పుడూ వేడినీళ్లలో ఉడికించకండి, ఆ ఆవిరి పీల్చి ఆసుపత్రి పాలైనవాళ్లున్నారు. కోసిన గాయం నుంచి పక్క పగడాలని ఇబ్బంది పెట్టే రసాయనాలొస్తాయి, ఆ రోజే కార్బన్ మార్చండి. ముక్కని చిన్న రాయి మీద పెట్టి, రబ్బరు బ్యాండు వదులుగా వేసి, ప్రవాహం తక్కువున్న మూల ఉంచితే వారం రెండు వారాల్లో అతుక్కుంటుంది. అతుక్కున్నాకే పంపండి. పొద్దున్నే చల్లపూట, సంచిలో మూడోవంతు నీళ్లు, మిగతా గాలి, పైన తడిగుడ్డ. వెళ్లగానే ట్యాంకులో పడెయ్యొద్దని, సంచిని పావుగంట తేల్చి, అరగంట సేపు కొద్దికొద్దిగా తన నీళ్లు కలుపుకోమని మీ స్నేహితుడికి చెప్పండి.