సోయా చిక్కుడు – భయమూ, వాస్తవమూ

నెల్లిమర్ల చంపావతీ నదీతీరాన ఉన్న పట్టణం. జనపనార మిల్లు ఆ ఊరికి పేరు తెచ్చింది. రెక్కాడితేగాని డొక్కాడని కుటుంబాలను, మాంసమూ కందిపప్పూ ప్రియమైనప్పుడు ఆదుకునే పదార్థం ఒకటుంది. దానినే మనం మీల్‌మేకర్ అంటాం. సోయా చిక్కుడు గింజలనుండి నూనె తీయగా మిగిలిన పిండిని వేడిమితో, ఒత్తిడితో ఉబ్బించి ఈ ఉండలను చేస్తారు. ఎండు ఉండల బరువులో దాదాపు సగం మాంసకృత్తులే. ఇంతటి బలవర్ధకమైన ఆహారాన్ని, థైరాయిడ్ చెడుతుందనీ, మగవారికి ఆడలక్షణాలు కలుగుతాయనీ భయపడి విడిచిపెట్టేవారున్నారు.

ఈ భయం ఊరక పుట్టినది కాదు. 1933లో, కూనూరులోని పోషకాహార పరిశోధనశాలకు చెందిన రాబర్ట్ మెక్‌కారిసన్, సోయా చిక్కుళ్ళకు గళగండాన్ని, అనగా మెడలోని థైరాయిడ్ గ్రంథి వాపును, కలిగించే గుణం ఉందని రాశాడు. ఆ పరిశోధనశాలయే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, పిమ్మట జాతీయ పోషకాహార సంస్థ అయింది. మెక్‌కారిసన్ సోయాతోపాటు వేరుశనగనూ పేర్కొన్నాడు. అయినా ఇడ్లీలోకి వేరుశనగ పచ్చడిని వద్దన్న తెలుగువాడు కనబడడు! 1950ల చివర అమెరికాలో, సోయాపాలే ఆహారంగా పెరిగిన కొందరు శిశువులకు గళగండం వచ్చింది. ఆ పాలలో అయోడిన్ కలపడం మొదలుపెట్టాక ఆ వ్యాధి కనుమరుగైంది. అయోడిన్ ఉప్పు వాడే ఇంట, ఆరోగ్యవంతుని థైరాయిడ్‌ను మితమైన సోయా చెరపదు.

రెండవ భయానికి మూలం గొర్రెల మందలో ఉంది. 1940లలో పశ్చిమ ఆస్ట్రేలియాలో క్లోవర్ అనే పశుగ్రాసాన్నే మేసిన గొర్రెలు గొడ్డుపోయాయి. స్త్రీ హార్మోనును పోలిన ఐసోఫ్లేవోనులనే పదార్థాలు ఆ గడ్డిలో ఉన్నాయి. అదే జాతి పదార్థాలు సోయాలోనూ ఉన్నాయి. అయితే మనిషి గొర్రెవలె ఒకే మేతతో జీవించడు. సోయా పురుషుల టెస్టోస్టెరాన్‌ను మార్చడంలేదని 2010లోను, 2021లోను వెలువడిన సమీక్షలు తేల్చాయి. అతి చేస్తే ఏమవుతుందో మరొక ఉదంతం చెబుతుంది. రోజుకు మూడు లీటర్లకు కొంచెం తక్కువగా సోయాపాలు తాగిన ఒక అమెరికా పురుషునికి రొమ్ములు ఉబ్బాయని 2008లో ఒక వైద్యపత్రిక ప్రకటించింది. ఆ పాలు మానిన తరువాత అతనికి నెమ్మదించింది.

పచ్చి సోయాగింజలలో మాంసకృత్తుల జీర్ణాన్ని అడ్డగించే పదార్థమున్న మాట నిజం. మన ఉలవలలోనూ అది ఉంది. అందుకే ఉలవలను నానబెట్టి, మెత్తగా ఉడికించి తింటాం. సోయాగింజలకూ అదే పద్ధతి. సోయా పడనివారు, తిన్నంతనే దద్దురులు లేచేవారు, కొద్దిమంది ఉంటారు. వారు దానిని పూర్తిగా మానవలసిందే.

నిజంగా జాగ్రత్తపడవలసినవారు థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు. పరగడుపున మాత్ర మింగి, వెంటనే సోయా తింటే మందు సరిగా ఒంటబట్టదు. ఇనుము, కాల్షియం మాత్రలతోనూ ఇదే చిక్కు. రెంటికీ నడుమ కొన్ని గంటల ఎడం ఉంచాలి. సోయా కూరను మధ్యాహ్న భోజనానికో, రాత్రికో మార్చుకుంటే సరిపోతుంది. కూర తినాలని మాత్ర మానడమే పెద్ద ప్రమాదం. తిండిలో సోయా హెచ్చినా తగ్గినా ఆ సంగతి వైద్యునికి చెప్పి, రక్తపరీక్ష చేయించి, మోతాదు సరిచూపించుకోవాలి. నెల్లిమర్లవారికి అది దూరాభారం కాదు. మహారాజా వైద్య విజ్ఞాన సంస్థ ఆ ఊరిలోనే ఉంది.