చేదైన వేరు
(పాఠ్యభాగములు: ఎఫెసీ. 4:31, 32, హెబ్రీ. 12:15-17, ఆది. 27:41-45)

కోపమునుగూర్చి చెప్పునప్పుడు మనము "కోపము వచ్చినది" అందుము. పగ విషయములోనైతే "పగ పట్టినాడు", "మనస్సులో పెట్టుకొన్నాడు" అందుము. వచ్చునది వేరు, పట్టి యుంచుకొనునది వేరు. పరిశుద్ధ గ్రంథపు మూలభాషలలోని మాటలు కూడ ఈ భేదమునే తెలుపుచున్నవి.

1. గ్రీకు మాట. ఎఫెసీయులు విసర్జింపవలసిన వాటిలో పౌలు మొట్టమొదట చెప్పినది 'పిక్రియా'. మన తెలుగు బైబిలులో అది 'ద్వేషము' అని యున్నది, మూలార్థము చేదు. హెబ్రీ. 12:15లోని చేదైన వేరును ఈ మాటయే. క్రీ. పూ. 4వ శతాబ్దపు తత్త్వవేత్తయగు అరిస్టాటిల్, ఇట్టి చేదుగల వారినిగూర్చి వ్రాయుచు, వారు కోపమును లోపలనే అణచుకొందురు గనుక వారిని సమాధానపరచువారుండరనియు, అది లోపల అరుగుటకు బహుకాలము పట్టుననియు, వారు తమకును తమ ఆప్తులకును భారమగుదురనియు తెలిపెను.

2. హెబ్రీ మాట. లేవీ. 19:18లో స్వజనులమీద పగ ఉంచుకొనరాదని ఆజ్ఞ యున్నది. అక్కడి హెబ్రీ క్రియకు 'కాచుట' అని అర్థము. పరమ. 1:6లో ద్రాక్షతోటలను కాచుటకును అదే క్రియ వాడబడినది. తోటకు కావలి యున్నవాడు రాత్రింబగళ్లు దాని చుట్టు తిరుగును. పగ గలవాడును తనకు జరిగిన అన్యాయమును అట్లే కాచును. ఎవరైన దానిని తీసివేయవత్తురేమోయని జాగ్రత్తపడును.

3. ఏశావు, యోసేపు. హెబ్రీ పత్రికలో చేదైన వేరు వెనువెంటనే ఏశావు పేరు వచ్చుచున్నది. అతడు తమ్ముని చంపదలచెను. అన్న కోపము చల్లారువరకు కొద్ది దినములని తలంచి రిబ్కా యాకోబును పంపివేసెను. ఆ కొద్ది దినములు 20 సంవత్సరములాయెను (ఆది. 31:41). తల్లి మరల కుమారుని చూచినట్లు గ్రంథములో ఎక్కడను వ్రాయబడలేదు. అయితే ఆ ఏశావే పరుగెత్తి వచ్చి తమ్ముని కౌగిలించుకొనెను (ఆది. 33:4). ఎంత పాతుకొనిన వేరైనను పెరికివేయబడగలదు.

ఏశావు పగకు వాడిన క్రియయే ఆది. 50:15లో మరల కనబడును. తండ్రి చనిపోయిన పిమ్మట యోసేపు తమమీద పగపట్టునేమోయని సహోదరులు భయపడిరి. యోసేపు ఏడ్చెను. వారు చేసినది కీడు కాదని అతడు చెప్పలేదు. కీడును కీడే అనెను. అయినను వారిని, వారి పిల్లలను పోషింతునని మాట ఇచ్చెను. తప్పును మనస్సులో పెట్టుకొనుట వేరు, కడుపులో పెట్టుకొనుట వేరని మన పెద్దల వాడుక.

4. ఒక హెచ్చరిక. చేదంతయు పగ కాదు. నయోమి తన్ను 'మారా' అని పిలువుమనెను; అనగా చేదు. హన్నా మనోదుఃఖముతో దేవుని సన్నిధిని ఏడ్చెను. వారిని దేవుడు గద్దింపలేదు. కాబట్టి దుఃఖపడు విధవరాలిని, నేటికిని అన్యాయము ననుభవించుచున్న కూలివానిని చూచి, "నీలో చేదైన వేరున్నది" అని మనము తొందరపడి పలుకరాదు. న్యాయము కోరుట పగ కాదు.

5. మనకు పాఠము. పొలము గట్టు తగవుతో అన్నదమ్ములు మాటలు మానుకొందురు. ఒకరి యింటి పెండ్లికి ఒకరు పోరు. పెద్దలు గతించిన పిమ్మట కారణమెరుగని పిల్లలును ఆ పగనే మోయుదురు. ఆ వేరువలన అనేకులు అపవిత్రులగుదురని పత్రికాకర్త చెప్పినది ఇదే. అర్పణమును బలిపీఠమునొద్ద విడిచి, మొదట సహోదరునితో సమాధానపడుమని ప్రభువు బోధించెను (మత్త. 5:23, 24). వచ్చు సంస్కారపు ఆదివారమునకు ముందుగా మనమెవరి గడప త్రొక్కుట మానితిమో తలంచుకొని, ఆ గడపకు మనమే ముందు పోవుదము.