రోగి నేర్పిన పాఠాలు

ఏ విద్యకైనా గ్రంథపఠనం ఒక మెట్టు, అభ్యాసం మరొక మెట్టు. వైద్యవిద్యలో ఈ రెండవ మెట్టు మిక్కిలి జాగ్రత్తగా ఎక్కవలసినది. సంగీతం నేర్చుకునేవాడు అపస్వరం పలికితే వినేవారి చెవులకు మాత్రమే బాధ. శస్త్రవిద్య నేర్చుకునేవాడి చేయి వణికితే ఆ మూల్యాన్ని చెల్లించవలసినవాడు ఎదుట పడుకొని ఉన్న రోగి. శిష్యుడు నేర్చుకోక తప్పదు, రోగి నష్టపోకూడదు. ఈ రెండింటినీ ఎలా పొసగించాలనే ప్రశ్న వైద్యబోధన ఎంత పాతదో అంత పాతది.

మన ప్రాచీనులు ఈ చిక్కును గుర్తించారు. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో శిష్యుని చేయి తిరగడానికి చేయించవలసిన అభ్యాసాల కోసం ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉన్నది. కోత నేర్చుకోవడానికి గుమ్మడి, సొర, పుచ్చ, దోస కాయలు. నరాన్ని గుచ్చడం నేర్చుకోవడానికి చనిపోయిన పశువుల నరాలు, తామరతూళ్లు. కుట్లు వేయడానికి గుడ్డ అంచులు, మెత్తని తోలు. లోపల చిక్కుకున్న వస్తువును బయటికి తీయడానికి పనసపండు, మారేడుపండు గుజ్జు. కట్టు కట్టడం నేర్చుకోవడానికి మనిషి ఆకారంలో చేసిన బొమ్మ. నేటి వైద్య కళాశాలలలో రబ్బరు చేతుల మీద సూది గుచ్చడం, ప్లాస్టిక్ బొమ్మల మీద గుండెను ఒత్తడం నేర్పుతున్నారు. పరికరాలు మారినా వాటి వెనుక ఉన్న ఆలోచన ఒక్కటే. శరీరంలోని అవయవాలను స్వయంగా చూడాలన్న నియమం కూడా ఆ గ్రంథంలోనే ఉన్నది. శవాన్ని పారే నీటిలో ఏడు రాత్రులు నాననిచ్చి, వట్టివేళ్లు, వెదురు మొదలైన వాటితో చేసిన కుంచెలతో మెల్లగా రుద్దుతూ పొర తరువాత పొరను పరిశీలించాలట. కాలక్రమంలో ఈ ఆచారం మరుగున పడింది. 1835లో కలకత్తా వైద్య కళాశాల ఏర్పడిన మరుసటి సంవత్సరం మధుసూదన్ గుప్తా శవపరిచ్ఛేదం చేసినప్పుడు, అది దేశంలో పెద్ద సంచలనమైంది.

ఐరోపాలో కూడా చాలా కాలం వైద్యం పుస్తకాలలోనే బందీగా ఉండిపోయింది. ఆచార్యుడు ఎత్తైన పీఠం మీద కూర్చొని పూర్వుల గ్రంథం చదువుతుంటే విద్యార్థులు వినేవారు. ఈ పద్ధతికి భిన్నంగా విద్యార్థులను రోగి మంచం వద్దకు నడిపించిన వారిలో హాలెండు దేశస్థుడైన హెర్మాన్ బూర్‌హావే ముఖ్యుడు. లైడెన్ నగరంలో ఆయన బోధనకు లభించినవి కేవలం పన్నెండు మంచాలు. ఆరు పురుషులకు, ఆరు స్త్రీలకు. ఆ పన్నెండు మంచాల చుట్టూ నిలబడి నేర్చుకోవడానికి ఐరోపా నలుమూలల నుండి విద్యార్థులు వచ్చేవారు.

ఆయన పేరు నేటికీ నిలిచి ఉండడానికి ఒక వింత రోగం కూడా కారణం. 1723లో వాసెనార్ అనే నౌకాదళాధిపతి విందు భోజనం చేసి, తన అలవాటు ప్రకారం కడుపు తేలికపడడానికి వాంతి మందు తీసుకున్నాడు. వాంతికి ప్రయత్నిస్తుండగా లోపల ఏదో తెగిపోయిందని పెద్దగా అరిచాడు. భరించరాని నొప్పి. పేరుమోసిన వైద్యులు వచ్చినా కారణం తెలియలేదు. ఒక్క రోజు తిరగకముందే ఆయన మరణించాడు. బూర్‌హావే శవపరీక్ష చేశాడు. ఛాతీని తెరవగానే విందులో తిన్న బాతుమాంసం వాసన గుప్పుమన్నది. అన్నవాహిక చీలిపోయి, తిన్నదీ తాగినదీ ఛాతీలోకి పారింది. తాను జబ్బును పట్టుకోలేకపోయిన ఈ ఉదంతాన్ని ఆయన మరుసటి సంవత్సరమే ఒక చిన్న గ్రంథంగా ప్రకటించాడు. మరొక వైద్యునికి ఇటువంటి రోగి ఎదురైతే గుర్తుపట్టాలన్నదే ఆయన కోరిక. ఈ చీలికను కుట్టి రోగిని బ్రతికించడం 1947లో గాని సాధ్యం కాలేదు. రెండు వందల ఏళ్లకు పైగా వైద్యులకు పనికివచ్చింది ఆ వర్ణన ఒక్కటే.

చూపుతో గ్రహించడం నేర్పినవారిలో ఎడింబరో వైద్యుడు జోసెఫ్ బెల్‌ను పేర్కొనకుండా ఉండలేము. ఒకసారి పరిచయం లేని రోగి గదిలోకి రాగానే, ఇతడు ఇటీవలే సైన్యం నుండి బయటికి వచ్చాడనీ, బార్బడోస్ దీవిలో పనిచేశాడనీ చెప్పి బెల్ విద్యార్థులను ఆశ్చర్యపరిచాడు. ఆ మనిషిలో మర్యాద ఉన్నది, అయినా టోపీ తీయలేదు. అది సైనికుల అలవాటు. అతనికి ఉన్నది బోదకాలు. అది ఆ దీవులలో కనిపించే వ్యాధి. మన కోస్తా జిల్లాల వారికి బోదకాలు వింత కాదు గాని, స్కాట్లండు చలిలో అది దూరదేశపు ఆనవాలు. ఆ రోజులలో బెల్ వద్ద చదువుకున్న ఆర్థర్ కోనన్ డాయిల్ తరువాత షెర్లాక్ హోమ్స్ పాత్రను సృష్టించాడు.

అమెరికాలో ఇంకొక పద్ధతి రూపొందింది. 1900లో హార్వర్డ్‌లో వైద్యం చదువుతున్న వాల్టర్ కానన్, తన గదిలో ఉండే న్యాయశాస్త్ర విద్యార్థి అసలు వ్యాజ్యాలను తీసుకొని ఉత్సాహంగా వాదించడం గమనించాడు. వైద్యాన్ని కూడా ఇలా ఎందుకు నేర్పకూడదని వ్యాసం రాశాడు. రిచర్డ్ కాబట్ అనే వైద్యుడు బోస్టన్ నగరంలో ఆ ఆలోచనను పెంచి పెద్దది చేశాడు. మరణించిన రోగి వివరాలను, చివరి ఫలితం చెప్పకుండా, ఒక అనుభవజ్ఞుడైన వైద్యుని ముందు ఉంచుతారు. అతడు అందరి ఎదుట తర్కించి వ్యాధి పేరు చెప్పాలి. ఆ తరువాత శవపరీక్ష చేసిన నిపుణుడు లేచి నిజం బయటపెడతాడు. గొప్పవాడు విద్యార్థుల ముందే తప్పు చెప్పడం తరచుగా జరిగేది. ఈ పద్ధతిలోని అసలు విలువ అక్కడే ఉన్నదనిపిస్తుంది. తెలిసినవాడు ఎక్కడ దారి తప్పాడో చూసిన విద్యార్థికి ఆ మలుపు జీవితాంతం గుర్తుంటుంది.

ఇంతవరకు గురువుల కథ. తన దేహాన్నే పాఠ్యగ్రంథంగా మార్చవలసి వచ్చిన రోగి మాటేమిటి?

1822 జూన్ 6వ తేదీన అమెరికాలోని మాకినా దీవిలో, బొచ్చుతోళ్ల వ్యాపారం జరిగే దుకాణంలో ఒక తుపాకీ ప్రమాదవశాత్తు పేలింది. గజం దూరం కూడా లేదు. గుండ్లు అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుని ఎడమ పక్కను చీల్చివేశాయి. అతడు తోళ్లు మోసే కూలి, కెనడాకు చెందిన ఫ్రెంచివాడు, చదువు రాదు. సైనిక వైద్యుడు విలియం బోమాంట్ వచ్చి చూసి, బ్రతకడనుకున్నాడు. అతడు బ్రతికాడు. అయితే గాయం మూసుకుపోలేదు. కడుపు అంచు పక్క చర్మానికి అతుక్కొని మానడంతో పొట్టలోనికి ఒక రంధ్రం నిలిచిపోయింది. నిరుపేద అయిన అతణ్ణి ఊరి అధికారులు వెళ్లగొట్టబోతే బోమాంట్ తన ఇంటికి తీసుకుపోయి, తన ఖర్చుతో పోషించాడు. ఈ మేలును మరువరాదు.

ఆ రోజులలో జీర్ణక్రియ ఒక రహస్యం. కడుపు ఆహారాన్ని నూరుతుందని కొందరు, కుళ్లబెడుతుందని కొందరు, వండుతుందని మరికొందరు వాదించేవారు. మన జఠరాగ్ని అన్న మాటలోనూ వంట భావమే కదా! 1825లో బోమాంట్ ఆ రంధ్రం ద్వారా చూడడం మొదలుపెట్టాడు. మాంసపు ముక్కలు, రొట్టె, పచ్చి క్యాబేజీ పట్టుదారానికి కట్టి లోపలికి జారవిడిచాడు. గంట తరువాత తీసి చూస్తే క్యాబేజీ, రొట్టె సగం అరిగి ఉన్నాయి. మాంసంలో మార్పు లేదు. కడుపులోని రసాన్ని సీసాలోకి తీసి, దేహపు వేడిలో ఉంచి, అందులో మాంసం వేసినా అది కరిగింది. అంటే పని చేస్తున్నది నిప్పూ కాదు, తిరగలీ కాదు, ఒక రసం. సెయింట్ మార్టిన్‌కు కోపం వచ్చినప్పుడు జీర్ణక్రియ చెడడం కూడా వైద్యుని కంటపడింది. ఆ కోపానికి కారణాలు లేకపోలేదు. రోగిగా వచ్చినవాడు ఆ ఇంట్లో కట్టెలు కొట్టే పనివాడూ అయ్యాడు, ప్రయోగవస్తువూ అయ్యాడు. కడుపులోకి గొట్టాలు దింపుతుంటే అతనికి తల తిరిగేది, నొప్పి పుట్టేది. చెప్పకుండా ఒకసారి స్వగ్రామానికి వెళ్లిపోయాడు, పెళ్లి చేసుకున్నాడు, మళ్లీ వచ్చాడు. 1832లో ఒక ఒప్పందం రాసుకున్నారు. తిండి, బస, ఏడాదికి నూట యాభై డాలర్లు. అందుకు బదులుగా అతని కడుపు మీద ప్రయోగాలు. సెయింట్ మార్టిన్ అక్షరాలు రాక నిశానీ పెట్టాడు.

1833లో బోమాంట్ గ్రంథం వెలువడింది. ఆయన శరీరధర్మశాస్త్రంలో చిరస్మరణీయుడయ్యాడు. మరుసటి ఏడు సెయింట్ మార్టిన్ కెనడాకు వెళ్లి, ఎన్ని ఉత్తరాలు వచ్చినా తిరిగి రాలేదు. పొట్టలో రంధ్రంతోనే కాపురం చేశాడు, పిల్లలను పెంచాడు. 1853లో వైద్యుడు మరణించాడు. రోగి మరొక ఇరవై ఏడేళ్లు బ్రతికాడు. 1880లో అతడు కన్నుమూసినప్పుడు, రోగి మంచం వద్ద బోధించడంలో తరువాత జగత్ప్రసిద్ధుడైన విలియం ఆస్లర్ మాంట్రియల్‌లో ఉన్నాడు. ఆ కడుపును పరీక్షించి భద్రపరచాలని ఆస్లర్ ఆశించాడు. కుటుంబం ఒప్పుకోలేదు. శవాన్ని ఎండాకాలపు వేడిలో కొన్ని రోజులు ఉంచి, పాడైన తరువాత, ఎవరూ తవ్వుకుపోకుండా లోతైన గోతిలో పూడ్చిపెట్టింది. శాస్త్రానికి అది నష్టమే కావచ్చు. ఒక కుటుంబం తమ మనిషిని తమకే దక్కించుకోవడానికి అంత చేయవలసి వచ్చిందంటే ఆ నష్టానికి ఎవరు బాధ్యులో ఆలోచించవలసిందే.

ఇటువంటి సంఘటన మన నేల మీద కూడా జరిగింది. 1897 ఆగస్టులో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు, సీసాలలో పెంచిన దోమలను మలేరియాతో ఉన్న హుసేన్ ఖాన్ అనే రోగి మీద వదిలాడు. కుట్టిన దోమ ఒక్కింటికి ఒక అణా చొప్పున అతనికి చెల్లించాడు. ఆగస్టు 20న వాటిలో ఒక దోమ కడుపును సూక్ష్మదర్శినిలో చూస్తుండగా మలేరియా క్రిమి కనిపించింది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి లభించింది. హుసేన్ ఖాన్ గురించి ఆ అణాల లెక్కకు మించి సామాన్య పాఠకునికి తెలిసినది చాలా తక్కువ.

ఇరవయ్యవ శతాబ్దంలో హెన్రీ మొలైసన్ ఉదంతం మరింత విచిత్రం. మూర్ఛలు ఎంతకూ తగ్గకపోవడంతో 1953లో అమెరికాలో అతని మెదడుకు రెండు వైపులా కొంత భాగాన్ని తొలగించారు. మూర్ఛలు తగ్గాయి, కొత్త విషయాన్ని గుర్తుంచుకునే శక్తి పోయింది. క్షణం క్రితం మాట్లాడిన మనిషి బయటికి వెళ్లి తిరిగి వస్తే మళ్లీ కొత్త పరిచయమే. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త అతని చేత అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మను గీయించింది. రోజురోజుకూ అతని చేయి కుదిరింది. ఆ బొమ్మను ముందెన్నడూ గీయలేదనే అతడు అనుకునేవాడు. తెలిసిన సంగతులను దాచుకునే జ్ఞాపకం వేరు, చేతి నేర్పును దాచుకునే జ్ఞాపకం వేరు అని ఆ విధంగా లోకానికి తెలిసింది. 2008లో మరణించేవరకు గ్రంథాలలో అతడు కేవలం 'హెచ్.ఎం.' గానే ఉన్నాడు. నిన్న ఇచ్చిన అనుమతి నేడు గుర్తులేని వానిని ఏమని అడగాలి? అతని విషయంలో ఈ ప్రశ్నకు తృప్తికరమైన సమాధానం దొరకలేదు.

నేడు అరుదైన రోగాన్ని వైద్యపత్రికలో ప్రకటించాలంటే రోగి లిఖితపూర్వకమైన సమ్మతి కావాలి. పరిశోధనలో పాల్గొనేవారికి వారి భాషలోనే సంగతి వివరించాలి. మన దేశంలో 2019 నుండి అమలులోకి వచ్చిన ఎం.బి.బి.ఎస్. పాఠ్యప్రణాళికలో విద్యార్థిని మొదటి సంవత్సరంలోనే రోగుల వద్దకు తీసుకువెళుతున్నారు. రోగితో మాట్లాడే తీరు, నైతిక నియమాలు కూడా బోధనాంశాలయ్యాయి. తరువాతి కాలంలో గ్రామాలలో కొన్ని కుటుంబాలను విద్యార్థికి అప్పగించి, చదువు సాగినన్నాళ్లూ వారి ఆరోగ్యం గమనిస్తుండమనే పద్ధతి కూడా చేరింది. నాడి పట్టుకోవడానికి ముందు తన పేరు చెప్పి, "చూడవచ్చునా?" అని అడగడం ఆ విద్యార్థి చేయవలసిన తొలి అభ్యాసం.