అంగారకుడి మీద బండిని ఎవరు తోలుతారు?

ఎడ్లబండి తోలేవాడు బండి మీదే కూర్చుంటాడు. గొయ్యి కనపడగానే పగ్గం లాగుతాడు. మరి అంగారకుడి మీద తిరిగే బండికి పగ్గం ఎవరి చేతిలో ఉంటుంది? భూమి మీద కూర్చుని టీవీలో చూస్తూ తోలుతారని మనలో చాలామంది అనుకుంటారు. అది కుదరదు. ఎందుకో లెక్క చేసి చూద్దాం.

రేడియో సంకేతం సెకనుకు 3 లక్షల కి.మీ. పోతుంది. చంద్రుడు సుమారు 3,84,400 కి.మీ. దూరం. సంకేతం ఒకవైపు పోవడానికి 1.3 సెకన్లు చాలు. అందుకే 1970లో సోవియట్ యూనియన్ వాళ్లు లూనోఖోద్-1 అనే ఎనిమిది చక్రాల బండిని చంద్రుడి మీద దించి, భూమి నుంచే తోలారు. 2023 ఆగస్టు 27న మన చంద్రయాన్-3 బండి ప్రజ్ఞాన్‌కు 3 మీటర్ల ముందు 4 మీటర్ల వెడల్పు గొయ్యి ఎదురైంది. వెనక్కి మళ్లమని ఇక్కడి నుంచే ఆదేశం పంపారు.

అంగారకుడి సంగతి వేరు. దూరం మారుతూ ఉంటుంది. సగటున 22 కోట్ల 50 లక్షల కి.మీ. అనుకుని 3 లక్షలతో భాగించండి. 750 సెకన్లు, అంటే పన్నెండున్నర నిమిషాలు! గొయ్యి ఫొటో మనకు చేరడానికి పన్నెండున్నర, "ఆగు" అనే మాట అక్కడికి పోవడానికి ఇంకో పన్నెండున్నర. ఈలోగా బండి గోతిలో పడిపోతుంది. లేపడానికి అక్కడ మనిషి లేడు.

కాబట్టి బండే చూసుకోవాలి. 1997 జులైలో అంగారకుడి మీద దిగిన సోజర్నర్ బరువు పదిన్నర కిలోలే, మన బియ్యం బస్తాలో సగం కూడా లేదు. రోజుకొకసారి భూమి నుంచి "ఫలానా రాయి దగ్గరికి పో" అని మాత్రం చెప్పేవారు. అది కాస్త నడిచి ఆగేది, ముందు నేల మీద లేజరు గీతలు వేసేది. గీత వంకర పోతే అక్కడ రాయో గొయ్యో ఉన్నట్టు. పక్కకు తిరిగేది. 7 రోజులకని చేసిన బండి దాదాపు 3 నెలలు పనిచేసింది.

అన్నిసార్లూ ఇది చాలదు. 2009లో స్పిరిట్ అనే బండి ఇసుకలో దిగబడింది. ఎండిన చెరువులో పైన పెచ్చు గట్టిగా కనపడుతుంది, కాలు పెడితే బురద. అక్కడా అంతే, పెచ్చు కింద మెత్తటి ఇసుక. కెమెరాకు పైపెచ్చే కనపడుతుంది కదా! అది మళ్లీ బయటికి రాలేదు.

ఇదే ఉపాయం ఇళ్లలోకీ వచ్చింది. గ్రహాల మీదికి ఒక పెద్ద యంత్రం బదులు చిన్నచిన్నవి చాలా పంపాలని 1989లో వ్యాసం రాసిన ఇద్దరిలో రాడ్నీ బ్రూక్స్ ఒకరు. ఆయన మరో ఇద్దరితో 1990లో పెట్టిన కంపెనీ 2002లో రూంబా అనే ఊడ్చే యంత్రాన్ని అమ్మింది. అది కంటికి కనపడని వెలుగును కిందికి వేస్తుంది. వెలుగు తిరిగి రాకపోతే మెట్ల అంచు అనుకుని వెనక్కి మళ్లుతుంది. నల్లటి తివాచీ వెలుగును మింగేస్తుంది కాబట్టి దాన్ని కూడా గొయ్యే అనుకుంటుంది, పాపం!

ఆదివారం వరండాలో ఈ ఆట ఆడి చూడండి. ఒకరికి కళ్లకు గంతలు కట్టి, దారిలో బక్కెట్లు పెట్టండి. మొదటిసారి ఇంకొకరు వెంటనే దారి చెప్పాలి. రెండోసారి ప్రతి మాటా 20 అంకెలు లెక్కపెట్టాక చెప్పాలి. అప్పటిదాకా నడిచేవాడు ఆగకూడదు. మూడోసారి "కుళాయి దాకా పో, చేతికి ఏదైనా తగిలితే పక్కకు తిరుగు" అని ఒక్కసారే చెప్పి వదిలేయాలి. ఏసారి ఎన్ని బక్కెట్లు తన్నారో లెక్క రాసి ఈ పత్రిక కింద అంటించండి. బక్కెట్లు మాత్రం ఖాళీవే పెట్టండి, వార్డెన్ సారుకు ముందే చెప్పండి.