గడ్డపార పట్టకముందే

ఆర్మూర్

చి.ల.సౌ. మేనకోడలికి,

దోహా నుంచి నువ్వు పంపిన మెసేజ్ చదివాను బిడ్డా. ముందరి పెంకుటిల్లు తీసేసి, వెనకున్న రెండు స్లాబు గదుల మీద అంతస్తు వేయాలనుకుంటున్నారనీ, అందుకు ఆర్కిటెక్టును పెట్టుకుందామని అల్లుడు అంటున్నాడనీ రాశావు. "అన్ని పైసలు పోసుడెందుకు, మన మేస్త్రి గియ్యడా" అని మీ మామగారు నాతోనూ అన్నారు. మేస్త్రి చేతిపని నేనెరిగినదే, వంక పెట్టను. కానీ కట్టడం వేరు, ఏం కట్టాలో ఏది ఉంచాలో తేల్చడం వేరు. మీ ఇంటికి ఆ రెండోదే కష్టం. అల్లుడి మాటే నాకు సబబుగా తోచింది.

బోర్డు పెట్టుకున్న ప్రతివాడూ ఆర్కిటెక్టు కాడు. 1972 చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవాళ్లే ఆ పేరు పెట్టుకోవాలి. రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, అడగడంలో మర్యాద తక్కువేమీ లేదు. ఆయన కట్టిన కొత్త ఇండ్ల ఫొటోలు చూసి మురిసిపోకండి. పాత ఇంటికి కొత్తది అతికించిన పని ఏదైనా ఉంటే చూపించమనండి. ఒకటి రెండు వానాకాలాలు గడిచిన ఇల్లయితే మరీ మంచిది. ఆ ఇంటి ఆడవాళ్లతో నేను మీ అత్తయ్యను పంపి మాట్లాడిస్తాను.

ఇక ఆయనకు మీరేం చెప్పాలన్నది అసలు సంగతి. మూడు బెడ్‌రూములు, పూజ గది, మాడ్యులర్ కిచెన్ అని చిట్టా చేతిలో పెడితే ఆయన ఆ చిట్టానే గీసిస్తాడు. మీ ఇల్లు ఏడాది పొడుగునా ఎట్లా నడుస్తుందో చెప్పాలి. జనవరి నుంచి మార్చి దాకా పసుపు తవ్వుడు, ఉడకబెట్టుడు, ఎండబోసుడు, డ్రమ్ములో వేసి పాలిష్ పట్టించుడు. అంతా అయ్యాక కొమ్ము, మండ వేరు చేసి ట్రాలీలో ఇంటికి తెస్తారు. ధర రాకపోతే సంచులు ముందరి అర్రలో నెలల తరబడి ఉంటాయి. 2025లో పసుపు బోర్డు నిజామాబాద్‌కు వచ్చింది, మంచిదే. అయినా అమ్మాలా ఆపాలా అన్నది ఆ పూట ధరను చూసి రైతు తేల్చుకునేదే కాబట్టి, సంచులకు ఇంట్లో జాగ ఉండి తీరాలి. నువ్వు నెట్‌లో చూసి పంపిన ప్లాన్లలో ఆ జాగ ఒక్కదాంట్లోనూ లేదు. పసుపుకు తేమ తగలకూడదు, గాలి ఆడాలి. ట్రాలీ వెనక్కి వచ్చి ఆ గది దగ్గర నిలబడాలి. మీ గల్లీలో ట్రాక్టరు ఎంత తిరుగుతుందో కొలిస్తేనే గేటు ఎంత వెడల్పుండాలో, ఎటు ఉండాలో తెలుస్తుంది.

మీ అత్తగారి మోకాళ్ల సంగతీ చెప్పండి. ఆమె పడక కిందనే ఉండాలి, బాత్‌రూముకు పోయే తొవ్వలో కడప ఉండకూడదు. పడమటి గోడ గురించి కూడా అడగండి. మే నెలలో మన దగ్గర ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది. అటు పడకగది పెడితే రాత్రి పొద్దుపోయేదాకా గోడ సెగ కొడుతూనే ఉంటుంది. మెట్లో, స్టోర్ రూమో అటు పెడితే ఎండ వాటి మీద పడుతుంది. వాస్తు చూసే పంతులుగారిని మొదటి ప్లాన్ దగ్గరే కూర్చోబెట్టండి. పునాది తీశాక పిలిస్తే ఇద్దరికీ మాట పట్టింపు వచ్చి మీ పని ఆగుతుంది.

పై అంతస్తు మాట. ఆ రెండు గదులకు పిల్లర్లు లేవు, స్లాబు తొమ్మిదంగుళాల ఇటుక గోడల మీద కూర్చుంది. పునాది ఎంత లోతు, అడుగున ఎంత వెడల్పు అన్నది ఇంట్లో ఎవరికీ తెలియదు. గోడ పక్కన ఒకచోట గుంత తవ్వి చూడాలి. చూసేది ఆర్కిటెక్టు ఒక్కడే కాదు, స్ట్రక్చరల్ ఇంజనీరు కూడా. బరువు లెక్క ఆయనది, సంతకమూ ఆయనదే. మీ వెనక జాగ నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుపోతుంది. ఎన్నో ఏండ్ల కింద దిగి కుదురుకున్న పాత గోడకు కొత్త గోడను పళ్లు తీసి కలిపేస్తే, కొత్తది దిగేటప్పుడు కలిపిన చోటే పగులుతుంది. మా గల్లీలో ఒకరింట్లో ఆ పగులు పై నుంచి కింది దాకా ఉంది. రెండుసార్లు గిలాబు చేయించారు, రెండుసార్లూ అక్కడే విచ్చుకుంది. పాతదానికీ కొత్తదానికీ నడుమ కావాలని సందు వదిలి, పైన నీళ్లు దిగకుండా మూసే పద్ధతి ఉంది. ఆ డ్రాయింగు అడిగి తీసుకోండి.

ముందరి ఇల్లు మొత్తం కూలగొట్టాలనే మాట నాకు నచ్చలేదు. టేకు దూలాలు చెక్కుచెదరలేదు. దర్వాజ అంత దళసరి చెక్క ఇవాళ కొనాలంటే మీ నెల జీతం చాలదు. రాయి, మట్టి, సున్నంతో లేపిన గోడలవి. వాటి మీద సిమెంటు గిలాబు కొడితే లోపలి తేమ బయటికి పోలేక గోడ గుల్లవుతుంది. సున్నంతోనే బాగుచేయించాలి. కేరళలో ఇండ్లు కట్టిన లారీ బేకర్ పాత తలుపులు, కిటికీలు ఏరి తెచ్చి కొత్త ఇండ్లలో పెట్టేవారు. స్లాబులో కాంక్రీటు తగ్గించడానికి మధ్యమధ్య బెంగుళూరు పెంకలు పేర్చేవారు. మీ వంటింటి మీది పెంకలను అట్లా వాడొచ్చా అని ఇంజనీరును అడగండి. కాదంటే కాదనే వినండి.

ఒప్పందం కాగితం మీదే ఉండాలి. ఖర్చులో నూటికి ఇంత అని కాకుండా మొత్తం ఫీజు ఇంత అని మాట్లాడుకోండి, ఖర్చు పెరిగితే ఫీజు పెరిగే లెక్క పాత ఇండ్ల పనికి మంచిది కాదు. ఉన్న ఇంటిని ఉన్నట్టు కొలిచి గీసినప్పుడు కొంత, ప్లాన్ ఒప్పుకున్నప్పుడు కొంత, పని డ్రాయింగులకు కొంత, మిగిలింది పని నడిచేకొద్దీ ఇవ్వాలి. ఎన్నిసార్లు వచ్చి చూస్తారో కూడా రాయించండి. పునాది సీకులు కట్టాక, స్లాబు పోయకముందు, గోడలో పైపులు మూసి గిలాబు కొట్టకముందు రావడం తప్పదు. విప్పితే గానీ తెలియని పాత ఇల్లు కాబట్టి, ఖర్చులో నూటికి పదిహేను రూపాయలు పక్కన ఉంచుకోండి.

మున్సిపాలిటీ అనుమతి లేకుండా మొదలుపెట్టకండి. 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టంతో చిన్న ఇండ్లకు సొంత ధ్రువీకరణ మీదే అనుమతి వస్తోంది. కానీ రాసిచ్చింది ఒకటి, కట్టింది ఒకటి అయితే నోటీసు ఇవ్వకుండానే కూల్చొచ్చని అదే చట్టంలో ఉంది. చుట్టూ వదలాల్సిన జాగ విషయంలో పక్కింటివాళ్లను చూసి పోకండి.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నా. పోట్లాటలన్నీ కాగితం మీదే తీర్చుకోండి. గీత చెరిపితే ఖర్చు లేదు, పునాది పడ్డాక గోడ జరిపితే సీకులు, కూలీ, నెల రోజులు పోతాయి. పని మొదలయ్యాక దోహా నుంచి వీడియో కాల్ చేసి "కిటికీ కొంచెం ఇటు జరుపు" అని మేస్త్రికి చెప్పొద్దు. మేస్త్రి కాదనడు, జరుపుతాడు. పైన బీమ్ ఎక్కడుందో ఆయన చూడకపోవచ్చు. ఏ మార్పైనా ఆర్కిటెక్టుకే చెప్పండి, ఆయన గీసి సంతకం పెట్టిన కాగితం వచ్చాకే మేస్త్రికి అందాలి. స్లాబు పోశాక కనీసం పది రోజులు నీళ్లు నిలిపే బాధ్యత నాది, పొద్దున సాయంత్రం నేనే పోయి చూస్తాను.

శుక్రవారం మీకు సెలవే కదా. ఇద్దరూ కూర్చుని, ఇంట్లో ఎవరెవరు ఏ పొద్దున ఎక్కడుంటారో, ఏ సామాను ఎక్కడుందో, ఏది మాత్రం పోకూడదో రాసి పంపండి. ఆర్కిటెక్టుకు ముందు ఆ కాగితమే ఇద్దాం. మీ మామగారితో నేను మాట్లాడతాను.

ఆశీస్సులతో,
మీ మేనమామ