కర్మాగారములలో అగ్నిభయము – బయటపడు అభ్యాసము

మన సూరారమునకు చేరువనే జీడిమెట్ల పారిశ్రామికవాడ కలదు. ఇచ్చటి బాలబాలికలలో పలువురి తలిదండ్రులు అచ్చటి కర్మాగారములకే పనికి పోవుచుందురు. కావున నిప్పంటుకొనినప్పుడు పనివారెట్లు బయటపడవలయునో తెలిసికొనుట మనకు ఇంటి విషయమే.

2022 మార్చి 23 వ తేదీ తెల్లవారుజామున సికిందరాబాదు భోయిగూడలో పాతసామానుల గిడ్డంగి యొకటి అంటుకొనెను. మేడపై నిద్రించుచున్న బీహారు కూలీలు 11 మంది మరణించిరి. కిటికీనుండి దూకిన యొక్కడు మాత్రము బ్రదికెను. మరుసటి యేట మార్చి 16 వ తేదీని స్వప్నలోక్ కాంప్లెక్సులో ఆరుగురు యువతీయువకులు పొగకు ఊపిరాడక అసువులు బాసిరి.

పొగ వేడిచే పైకెగసి, కప్పు క్రింద నిండి, పిమ్మట క్రిందికి దిగును. నేలకు దగ్గరగా గాలి కొంత మేలుగా నుండును గనుక వంగియో ప్రాకియో పోవలెను. లిఫ్టు నెక్కరాదు, విద్యుచ్ఛక్తి ఆగినచో అది నడుమ నిలిచిపోవును.

ప్రతి పనిశాలకును రెండు దారులుండవలెను. పనివేళ ఏ తలుపునకును తాళము వేయరాదు. 1911 లో న్యూయార్కు నగరమున ట్రయాంగిల్ దుస్తుల కర్మాగారము కాలినప్పుడు 146 మంది చనిపోయిరి. అచ్చట ఒక మెట్లదారి తలుపునకు తాళము వేసియుండెను. బయటికి వచ్చినవారు ముందుగా నిర్ణయించిన చోట చేరి, మన తరగతిలో వలెనే హాజరు చెప్పవలెను. లేనిచో లోపల ఎవరు చిక్కిరో తెలియదు. రసాయనముల కర్మాగారమైనచో పొగ తమ మీదికి రాని దిక్కున నిలువవలెను. 101 కు వెంటనే ఫోను చేయవలెను.

ఇవి గోడమీద వ్రాసియుంచినంతమాత్రమున చాలదు. భయపడిన మనుష్యుడు తాను వచ్చిన వాకిలినే వెదకును. అందుచేత ఒక్కొక్కమారు ఆ వాకిలిని మూసియుంచి, రెండవ దారిని అందరిచేతను నడిపింపవలెను. రాత్రి పనివారికిని, క్రొత్తగా చేరిన కూలీలకును వారి భాషలోనే నేర్పవలెను. పనివారికి తప్పించుకొను మార్గములు తెలిసియుండవలెననియు, అందు వారికి శిక్షణ యుండవలెననియు 1948 నాటి ఫ్యాక్టరీల చట్టముననే విధింపబడెను.

విద్యార్థులారా! నేటి రాత్రి భోజనమువేళ మీ తండ్రినో తల్లినో ఇట్లడుగుడు: “నీవు పనిచేయు చోట రెండవ తలుపు ఎక్కడ నున్నది? దానిని కడపట ఎప్పుడు తెరచిరి?” వారు చెప్పలేకపోయినచో, మరునాడు చూచి రమ్మని వేడుకొనుడు.