ఊరిని నిలబెట్టేది ఏది? – గ్లెన్‌కోలంకిల్ చెప్పే పాఠం



ఊరు అంటే ఏమిటి? ఇళ్లన్నీ లెక్కపెడితే ఊరవుతుందా? పొలాలకు గట్లు వేస్తే అవుతుందా? మానవుడు స్వభావసిద్ధంగా సంఘజీవి అని గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ ఏనాడో బోధించాడు. ఒకరి కష్టానికి మరొకరు కదిలినప్పుడే కొన్ని ఇళ్లు కలిసి ఊరవుతాయి. ఆ కదలిక ఆగిపోతే ఇళ్లు ఉంటాయి గాని ఊరు ఉండదు. ఈ సత్యాన్ని ఐర్లండు దేశంలోని ఒక చిన్న పల్లె చరిత్ర ద్వారా ఈ వారం తెలుసుకుందాం.

పునీతుని లోయ

ఐర్లండుకు వాయవ్యాన, అట్లాంటిక్ మహాసముద్రపు ఒడ్డున డొనెగాల్ అనే జిల్లా ఉంది. అందులో కొండల నడుమ ఉన్న పల్లె గ్లెన్‌కోలంకిల్. ఆ పేరుకు 'కోలంకిల్ లోయ' అని అర్థం. కోలంకిల్ అంటే ఐరిష్ భాషలో 'దేవాలయ పావురం'. మనం పునీత కొలంబా అని పిలిచే మఠాధిపతి ఈయనే. ఆయన సుమారు 521లో డొనెగాల్‌లోనే జన్మించి, 563లో స్కాట్లండు తీరాన ఉన్న అయోనా ద్వీపానికి వెళ్లి మఠాన్ని స్థాపించి, 597లో అక్కడే పరమపదించారు.

ఆయన పండుగ జూన్ 9. ఆ సందర్భంగా విశ్వాసులు లోయలోని 15 స్థలాలను ప్రార్థిస్తూ దర్శిస్తారు. దారి సుమారు 5 కిలోమీటర్లు. చెప్పులు లేకుండా నడవడం అక్కడి పాత ఆచారం. ఆ స్థలాలలో శిలువ గుర్తులు చెక్కిన పురాతన రాతి పలకలున్నాయి. క్రీస్తు పూర్వపు సమాధుల రాళ్లు కూడా ఆ దారిలో కనిపిస్తాయి. తరతరాలుగా జనం అడుగులు పడుతున్నాయి గనుకనే ఆ దారి మిగిలింది.

ఖాళీ అవుతున్న ఇళ్లు

1845లో ఐర్లండులో బంగాళాదుంప పంటకు తెగులు సోకింది. పేదలకు అదే ముఖ్యాహారం. తరువాత కొద్ది సంవత్సరాలలోనే సుమారు 10 లక్షల మంది ఆకలికీ రోగాలకూ బలయ్యారు. దాదాపు అంతమందే ఓడలెక్కి దేశం విడిచారు. కరవు తీరినా వలస ఆగలేదు. 1841లో 80 లక్షలు దాటిన ఆ ద్వీప జనాభా క్రమంగా తరిగిపోయింది. స్వతంత్ర ఐర్లండులో 1961 నాటికి మిగిలినవారు సుమారు 28 లక్షలు మాత్రమే. 1950వ దశకంలోనే సుమారు 4 లక్షల మంది వెళ్లిపోయారు.

అటువంటి రోజులలో, 1951లో, ఫాదర్ జేమ్స్ మెక్‌డయర్ గ్లెన్‌కోలంకిల్‌కు గురువుగా వచ్చారు. 1910లో డొనెగాల్ జిల్లాలోనే పుట్టిన ఆయనకు రైతు బిడ్డల బాధ తెలుసు. ఊరిని పీడిస్తున్న ఐదు లేములను ఆయన గుర్తించారు. కరెంటు లేదు, కుళాయి నీరు లేదు, మంచి రోడ్డు లేదు, వైద్యశాల లేదు, పని కల్పించే పరిశ్రమ లేదు. చదువుకున్న పిల్లవాడు ఊరిలో ఉండడానికి కారణమేదీ కనబడలేదు.

చేతులు కలిసినప్పుడు

ఐర్లండు పల్లెలలో 'మెహెల్' అనే పాత ఆచారం ఉంది. కోత వచ్చినప్పుడు ఇరుగుపొరుగువారు జట్టుగా ఒకరి పొలంలో పని ముగించి మరొకరి పొలానికి వెళతారు. కూలి ఉండదు. ఈ రోజు నీకు, రేపు నాకు. మన పల్లెలలో బదులు పని ఎరిగిన పెద్దలకు ఇది కొత్త కాదు. ఫాదర్ మెక్‌డయర్ ఈ పాత బలాన్నే కొత్త పనులకు మళ్లించారు. ఊరివారే శ్రమదానం చేసి సమావేశ మందిరం కట్టుకున్నారు. రోడ్ల కోసం, కరెంటు కోసం, నీటి కోసం కలిసి అధికారులను అడిగారు. 1960వ దశకంలో సహకార సంఘాలు ఏర్పడ్డాయి. రైతులు కూరగాయలు పండించి తమ ఊరి కర్మాగారానికే ఇచ్చారు. అల్లిక పనులు మొదలయ్యాయి. యాత్రికులకు విడిది ఇళ్లు కట్టారు. 1967లో తాతముత్తాతల నాటి గడ్డి కప్పు ఇళ్లను పోలిన ఇళ్లను కట్టి, వేర్వేరు శతాబ్దాల సామాన్లను అందులో అమర్చి, జానపద గ్రామ ప్రదర్శనశాలను తెరిచారు.

ఇది మన తిరుసభ సాంఘిక బోధకు దగ్గరగా ఉంది. చిన్న సమూహం తాను చేసుకోగలిగిన పనిని పెద్ద సంస్థ లాగేసుకోకూడదని 11వ భక్తినాథ పోపుగారు 1931లో బోధించారు. వ్యవసాయదారులు సహకార సంఘాలుగా ఏర్పడాలని 23వ యోహాను పోపుగారు 1961లో ప్రోత్సహించారు.

ఓడిపోయారా?

నిజం దాచకూడదు. కూరగాయల ప్రయత్నం చాలాకాలం నిలవలేదు. వలస పూర్తిగా ఆగలేదు. 1987లో ఫాదర్ మెక్‌డయర్ మరణించారు. అయితే ఆయన శ్రమ వృథాయేనా?

ఇక్కడ సాధనానికీ లక్ష్యానికీ భేదం గుర్తించాలి. కర్మాగారం సాధనం మాత్రమే. మనుషులు తమ ఊరి బాధ్యతను తామే స్వీకరించడం లక్ష్యం. సాధనం విరిగితే మరొకటి చేసుకోవచ్చు. ఆ బాధ్యతే విరిగిపోతే ఎంత డబ్బు పోసినా ఊరు లేవదు. గ్లెన్‌కోలంకిల్‌లో ఆ బాధ్యత మిగిలింది. జానపద గ్రామం నేటికీ సందర్శకులను ఆహ్వానిస్తోంది. ఐరిష్ భాష నేర్పే సంస్థ ఒకటి 1984లో అక్కడ వెలసింది. పెద్దవాళ్లు సైతం వేరే దేశాల నుండి వచ్చి, ఒకనాడు ఇంగ్లీషు ముందు చిన్నబోయిన ఆ భాషను ఆ లోయలో నేర్చుకుంటున్నారు.

పిల్లలు దూరదేశాలకు వెళ్లడం పాపం కాదు. పునీత కొలంబా కూడా పుట్టిన నేలను విడిచినవారే. కాని వెళ్లక తప్పని స్థితి వేరు, ఇష్టపడి వెళ్లడం వేరు. ఉండాలనుకున్నవారికి ఉండే అవకాశం కల్పించడం ఉమ్మడి బాధ్యత. అది గురువు ఒక్కడి వల్ల అయ్యేది కాదు. ఫాదర్ మెక్‌డయర్ ముందు నడిచారు నిజమే, కాని రాళ్లు మోసింది ఊరివారు.

కుటుంబ ప్రార్థన తరువాత చర్చించండి:

1. మన ఊరిలో లేనివి ఏవి? వాటిలో మనమే కలిసి చేసుకోగలిగినవి ఏవి?

2. మన తాతల కాలంలో ఉండి, ఇప్పుడు మాసిపోయిన పరస్పర సహాయపు ఆచారం ఏది? దానిని ఏ రూపంలో తిరిగి తేగలం?

3. మొదలుపెట్టి ఆగిపోయిన మంచి పని మన విచారణలో ఉందా? ఆగింది సాధనమా, బాధ్యతా?